సెలవులో లేని సిస్టరమ్మ

గత సోమవారం పొద్దున్న నేను షాపు షట్టరు ఎత్తుతుండగా చర్చి పాస్టరుగారు స్కూటరు ఆపి, దిగకుండానే చెప్పారు. "సిస్టరమ్మ వెళ్లిపోయేరమ్మా. కాఫీ తాగేరు, గ్లాసు కడిగి బోర్లించేరు, కుర్చీలో కూర్చున్నారు. అంతే."

గ్లాసు కడిగే వెళ్లారన్నమాట. ఏడుపు కంటే ముందు నాకు ఆ ఆలోచనే వచ్చింది. చెయ్యాల్సిన పని ఇంకొకరికి వదిలిపెట్టడం ఆవిడకు తెలియదు.

అనకాపల్లిలో ఆవిడను చాలామంది ఎరుగుదురు. బెల్లం మార్కెట్టు వెనక నర్సింగ్‌హోంలో ఏళ్ల తరబడి హెడ్‌నర్సుగా ఉన్నారు. అంతకుముందు మిలటరీలో నర్సుగా పనిచేశారని కొందరికి తెలుసు. ఆ మిలటరీ రికార్డులో తన గురించి పడిన ఒక తప్పును దిద్దించడానికి నాలుగేళ్లు పట్టుబట్టారని మాత్రం ఏ కొద్దిమందికో తెలుసు. ఆ నాలుగేళ్లూ ఆవిడ ఉత్తరాలు టైపు చేసిన మనిషిని నేను. కాబట్టి ఈ సంగతి నేనే చెప్పాలి.

అప్పటికి నా టైపు ఇన్‌స్టిట్యూట్‌కి నేర్చుకునేవాళ్లు రావడం తగ్గిపోయింది. మిషన్లన్నీ గుడ్డలు కప్పుకుని ఉండేవి. ఒక కంప్యూటరు, ఒక జెరాక్సు మిషను పెట్టుకుని దరఖాస్తులు టైపు చేసి ఇస్తుండేదాన్ని. ఒక మధ్యాహ్నం సిస్టరమ్మ వచ్చి, తెల్లచీర కుచ్చిళ్లు సర్దుకుని నా ఎదురుగా కూర్చున్నారు. వీపు కుర్చీకి ఆనించలేదు.

"ఇది చదువు అమ్మాయ్," అని ఒక కవరు ఇచ్చారు.

లోపల రికార్డుల ఆఫీసు నుంచి వచ్చిన జవాబు ఉంది. ఇంగ్లీషులో రెండే వాక్యాలు. డెబ్బై ఒకటిలో యుద్ధం జరిగిన నెలల్లో మీరు సెలవులో ఉన్నట్టు రికార్డులో ఉంది, అందువల్ల యుద్ధసేవకు ఇచ్చే పతకాలకు మీకు అర్హత లేదు అని.

అంతకు కొద్దిరోజుల ముందు రిపబ్లిక్ డేకి మాజీ సైనికుల సభకు ఆవిడను పిలిచారట. వేదిక మీద అందరి చొక్కాలకూ పతకాలు వేలాడుతున్నాయి. పక్కన కూర్చున్న పెద్దాయన మామూలుగానే, "మీకు మెడల్సు లేవేటమ్మా? అయితే మీరు యుద్ధంలోకి వెళ్లలేదన్నమాట," అన్నాడట. ఆవిడ ఇంటికి వచ్చి రికార్డుల ఆఫీసుకు ఉత్తరం రాశారు. దానికి వచ్చిన జవాబే ఇది.

"నిజంగా సెలవులో ఉన్నారా?" అని అడిగాను.

"సెలవు అడిగేను. ఇచ్చేరు. మా చెల్లి పెళ్లి. పెట్టె కూడా సర్దుకున్నాను. రేపు రైలెక్కాలనగా ఆర్డరు వచ్చింది, సెలవు రద్దు, తూర్పు సరిహద్దుకి వెళ్లమని. సెలవు ఇచ్చినట్టు పుస్తకంలో రాసేరు. రద్దయినట్టు రాయలేదు." ఆవిడ కళ్లజోడు తీసి పైటచెంగుతో తుడుచుకున్నారు. "కాగితం ప్రకారం నేను మా చెల్లి పెళ్లిలో పాటలు పాడతన్నాను. నేనేమో అక్కడ ఒక బడిలో, బల్లల మీద పడుకోబెట్టిన కుర్రాళ్లకి కట్లు కడతన్నాను."

నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఉత్తరం టైపు చేశాను. దేశం కోసం సర్వస్వం ధారపోసిన నేను మిక్కిలి ఆవేదనతో, అంటూ మొదలుపెట్టాను. ఆవిడ వేలు పెట్టి చదువుతూ మొదటి వరసలోనే ఆగిపోయారు.

"ఆవేదన కొట్టెయ్. నా ఆవేదనతో వాళ్లకి పనేటి? నా నంబరు కావాలి, తేదీ కావాలి, ఊరు కావాలి. ఆ మూడే రాయి."

ఆ రోజు నుంచి ఆవిడ ఉత్తరాల్లో ఒక్క అనవసరపు మాట లేదు. ప్రతి ఉత్తరం మూడుసార్లు చదివేవారు. నీలం సిరాతో సంతకం పెట్టేవారు. పోస్టాఫీసుకు నన్ను పంపకుండా తనే నడిచి వెళ్లి రిజిస్టరు చేసి, రసీదు నకలుకు గుండుసూదితో గుచ్చి దాచుకునేవారు. జవాబు రాకపోతే సరిగ్గా నెల రోజులకు మళ్లీ వచ్చేవారు. ఆవిడ ముఖంలో నిరాశ నేను ఎప్పుడూ చూడలేదు. నర్సింగ్‌హోంలో జ్వరం చూసి చార్టులో రాసినట్టే ఈ పనీ చేసేవారు.

ఒకసారి నేనే విసిగిపోయాను. "ఈ వయసులో ఆ రెండు బిళ్లల కోసం ఇంత శ్రమ ఎందుకండీ?" అన్నాను.

"బిళ్లల కోసం కాదు అమ్మాయ్. నేను సెలవులో లేను." రసీదులు సర్దుకుంటూ అన్నారు. "అడగడం మొదలెట్టేక ఆపకూడదు. ఆపితే వాళ్లు రాసిందే నిజమైపోద్ది."

రెండో ఏడు రుజువు పంపమని జవాబు వచ్చింది. ఆవిడ పాత కాగితాలన్నీ ఒక తుఫానులో ఇంట్లోకి నీళ్లొచ్చినప్పుడు ముద్దయిపోయాయి. బాగా ఆలోచించి, "పద, కోటవురట్ల వెళ్దాం," అన్నారు. వాళ్ల చెల్లెలు అక్కడే ఉంటుంది.

ఆ చెల్లెలు మమ్మల్ని మర్యాదగా కూర్చోబెట్టింది, మంచినీళ్లు ఇచ్చింది. కానీ అక్కతో మాట్లాడుతుంటే గోడవైపే చూస్తోంది. ఆ గోడ మీద తన పెళ్లి ఫొటో ఉంది. సిస్టరమ్మ వచ్చిన పని చెప్పారు. నీ పెళ్లికి నేను రాలేదని నువ్వు ప్రమాణపత్రం రాసివ్వాలి అన్నారు.

"రానేదనే కదా ఇన్నాళ్లూ అందరికీ సెప్తన్నాను," అంది చెల్లెలు. "పెద్ద ఉద్యోగం వచ్చేసింది, పల్లెటూరి పెళ్లికేటి వత్తాదిలే అని అందరూ అన్నారు. నానూ అలాగే అనుకున్నాను."

"యుద్ధానికి పంపేరే."

"మరప్పుడే ఎందుకు రాయనేదు?"

"ఎక్కడున్నామో రాయనిచ్చేవారు కాదు. సెలవు దొరకలేదని మాత్రం రాసేను. తరవాత చెప్దామనుకున్నాను. వచ్చేసరికి నువ్వు మాట్లాడ్డం మానేసేవు."

చెల్లెలు స్టూలెక్కి ఫొటో దించి, అద్దం తుడిచి అక్క ఒళ్లో పెట్టింది. "సూడు. అందరూ ఉన్నారు. నువ్వొక్కదానివే నేవు. ఇది కూడా అట్టుకెళ్లి సూపించు." ఆ మర్నాడే అనకాపల్లి వచ్చి నోటరీ ముందు సంతకం పెట్టింది. సాయంత్రం బస్సెక్కేటప్పుడు అక్క చెయ్యి పట్టుకుని వదల్లేదు. కండక్టరు రెండుసార్లు విజిల్ వెయ్యాల్సి వచ్చింది.

ఆ ప్రమాణపత్రం పంపాం. పెళ్లిలో లేనంత మాత్రాన యుద్ధరంగంలో ఉన్నట్టు కాదని జవాబు వచ్చింది. నేను ఆ కాగితం బల్ల మీద విసిరేశాను. సిస్టరమ్మ దాన్ని తీసి, మడత సరిచేసి, నవ్వారు. "వాళ్లన్నది సరైనదే. పెళ్లిలో లేనని చూపించేం. ఎక్కడున్నానో చూపించలేదు."

సమాచార హక్కు చట్టం కొత్తగా వచ్చిన రోజులవి. దాని కింద కూడా అడిగాం. ఆ బడిలో మిలటరీ ఆస్పత్రి నడిచిన మాట నిజమేననీ, అక్కడ ఎవరెవరు పనిచేశారో తెలిపే పుస్తకం ఇప్పుడు లేదనీ చెప్పారు. సిస్టరమ్మ ఆ కాగితం తీసుకుని వెళ్లారు. వారం రోజులు షాపు వైపు రాలేదు. వచ్చినప్పుడు ఒక మాట చెప్పారు. అక్కడ తెలుగు వచ్చిన నర్సు ఆవిడ ఒక్కరేనట. గాయపడ్డ తెలుగు జవాన్ల ఉత్తరాలన్నీ ఆవిడే రాసిపెట్టేవారట. వాళ్లలో ఒకతను మాకవరపాలెం కుర్రాడు.

"ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదండీ?"

"పేషంటుని నా సొంత పనికి వాడుకోకూడదు. అది నా పద్ధతి. వారం రోజులు ఆలోచించేను. అతన్ని సాక్ష్యం అడగను. ఉత్తరం ఉందా అని అడుగుతాను. లేదంటే తిరిగొచ్చేద్దాం."

మాకవరపాలెంలో బస్సు దిగి, కాలు పోయిన మిలటరీ ఆయన ఇల్లెక్కడని అడిగితే పిండిమర చూపించారు. మర పక్కన స్టూలు మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. మీసాలు నెరిశాయి, ఒక ప్యాంటు కాలి కింద చెక్క పాదం కనిపిస్తోంది. ఆయన మమ్మల్ని చూసి, "పిండికా అమ్మా? కరెంటు పోయింది, కూకోండి," అన్నాడు. సిస్టరమ్మ కూర్చోలేదు.

"ఎడం పాదం ఇంకా దురద పెడతందా?" అని అడిగారు.

ఆయన చేతిలోని జల్లెడ ఒళ్లో పడింది. లేని పాదం దురద పెడుతోందని ఆస్పత్రిలో ఆయన ఏడ్చేవాడట. ఆ మాట ఇంకెవరితోనూ చెప్పలేదట. గోడ పట్టుకుని, మెల్లగా, పూర్తిగా లేచి నిలబడ్డాడు. వీపు నిటారుగా పెట్టి సెల్యూట్ చేశాడు. సిస్టరమ్మ తిరిగి సెల్యూట్ చేశారు. నేను పక్కకు తిరిగి మరవైపు చూస్తూ నిలబడ్డాను.

"అప్పుడప్పుడూ పెడతాది సిస్టర్," అన్నాడు. "తమరు సెప్పినట్టు కుడిపాదం గోక్కుంటాను. తగ్గుద్ది."

ఆయన భార్య లోపలి నుంచి ఒక రేకు డబ్బా తెచ్చింది. అది ఆయన తల్లిదట. అందులో ఇన్‌లాండు ఉత్తరం ఉంది. మడతల దగ్గర చిరిగి, అన్నం మెతుకులతో అతికించి ఉంది. మీద యుద్ధరంగపు పోస్టాఫీసు ముద్ర, తేదీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. అమ్మా, నేను బాగున్నాను, కాలికి చిన్న దెబ్బ తగిలింది, త్వరలో వస్తాను అని ఉంది. అడుగున, మీ అబ్బాయి చెప్పగా రాసినది, అని సిస్టరమ్మ పేరు, సంతకం, నంబరు ఉన్నాయి. సంతకం నీలం సిరాతోనే ఉంది.

"మా యమ్మకి సదువు రాదు కదా," అన్నాడాయన. "వచ్చినోల్లందరి సేతా సదివించుకునేది. సచ్చిపోయినదాకా దాసింది. సూడండి, కాలు తీసేసేరని ఇందల నేదు. సిన్న దెబ్బని రాసేరు తమరు."

"నువ్వే అలా రాయమన్నావు."

"అన్నాను. ఆ సిన్న దెబ్బ మీదే మా యమ్మ నాను వచ్చినదాకా బతికింది." ఉత్తరం ఆవిడ చేతిలో పెట్టాడు. "అట్టుకెళ్లిపోండి. సాచ్చికం కూడా సెప్తాను. ఇన్నేల్లలో నన్నెవరూ ఏదీ అడగనేదు."

సిస్టరమ్మ ఉత్తరం ఉంచుకోలేదు. నర్సీపట్నం వెళ్లి జెరాక్సు తీయించి, గెజిటెడ్ ఆఫీసరు చేత ధ్రువీకరణ చేయించి, అసలు ఉత్తరాన్ని ఆ సాయంత్రమే వెనక్కి తెచ్చి డబ్బాలో పెట్టి మూత వేశారు. అనకాపల్లిలో నా మిషను మీదే నకలు తీసి, అసలుది పోస్టులో పంపుదాం అని నేను గొణిగినా వినలేదు.

ఆ నకలు పంపిన ఆరు నెలలకు జవాబు వచ్చింది. నేను పైకి చదివాను. సదరు సెలవు రద్దయినట్టుగానూ, ఆమె ఆ కాలమంతా యుద్ధరంగంలోని ఆస్పత్రిలో విధుల్లో ఉన్నట్టుగానూ రికార్డు సవరించడమైనది. ఆ వాక్యం మళ్లీ చదవమన్నారు. పతకాలు పంపుతామన్న వాక్యాన్ని ఒక్కసారి విని తల ఊపారు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, "చెల్లికి ఫోన్ చెయ్యాలి," అని ఎదురుగా ఉన్న ఎస్‌టీడీ బూత్‌లోకి వెళ్లారు. అద్దంలోంచి నాకు ఆవిడ వీపు మాత్రమే కనిపించింది. లోపల చాలాసేపు ఉన్నారు.

తర్వాతి రిపబ్లిక్ డేకి తెల్లచీర మీద రెండు పతకాలు పెట్టుకుని వెళ్లారు. అక్కాచెల్లెళ్లు పక్కపక్కనే కూర్చున్నారు. ఆ ఒక్కరోజు తప్ప పతకాలు బీరువాలోనే ఉన్నాయి.

అయితే ఈ కబురు ఊళ్లు దాటింది. డిశ్చార్జి పుస్తకంలో ఇంటిపేరు తప్పు పడినవాళ్లు, భర్త సర్వీసు ఏళ్లు సరిగ్గా ఎక్కనివాళ్లు ఆవిడ ఇంటికి రావడం మొదలుపెట్టారు. అందరికీ ఒకే మాట. "ఏడుపు తరవాత. ముందు నంబరు చెప్పు." తర్వాత వాళ్లను వెంటబెట్టుకుని నా దగ్గరకు తెచ్చేవారు. అలా ఎందరి కాగితాలు మారాయో ఆవిడ లెక్క పెట్టలేదు, నన్నూ పెట్టనివ్వలేదు.

మంగళవారం ఆవిడను చర్చి వెనక సమాధుల్లో పెట్టారు. బుధవారం షాపు తియ్యాలనిపించలేదు. గురువారం తీశాను. పది గంటలకు ఒకామె మెట్ల దగ్గర నిలబడి ఉంది. చీడికాడ నుంచి వచ్చిందట. చేతిలో ముడివేసిన ప్లాస్టిక్ కవరు ఉంది.

"సిస్టరమ్మగోరి ఇల్లెక్కడండీ? మా ఆయన మిలటరీ పుస్తకంలో ఊరి పేరు తప్పు పడిపోయింది."

సిస్టరమ్మ లేరని చెప్పాను. ఆమె అయ్యో అని మెట్టు మీదే కూర్చుండిపోయింది. మంచినీళ్లు ఇచ్చాను. కాసేపటికి లేచి కవరు చంకలో పెట్టుకుని వెళ్లబోయింది.

"లోపలికి రండమ్మా. నేను చూస్తాను," అన్నాను.

ఆమె ముడి విప్పి కాగితాలు ఒక్కొక్కటీ నా బల్ల మీద పరిచింది. ఫ్యాను గాలికి అవి ఎగరబోయాయి. ఇద్దరం రెండేసి చేతులు చాచి వాటిని అదిమిపట్టుకుని, మొదటి కాగితం చదవడం మొదలుపెట్టాం.