కోవిడ్ వార్డులో నా మొదటి డ్యూటీ

నేను నర్సింగ్ చివరి ఏడాదిలో ఉండగా కోవిడ్ రెండోసారి విరుచుకుపడింది. వార్డుల్లో మనుషులు చాలక, ఇళ్లకు పంపేసిన మమ్మల్ని వెనక్కి పిలిచారు. ఇష్టమున్నవాళ్లే రావచ్చన్నారు గాని, రాకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు.

మాది గార్డెన్ రీచ్, బెంగాల్ ఓడరేవు పక్కన తెలుగు కూలీలుండే పేట. నాన్న డాక్‌లో కూలీ. లాక్‌డౌన్‌లోనూ ఓడలు ఆగలేదు, ఆయన పనీ ఆగలేదు. నేనేమో సేవ చేద్దామని నర్సింగ్‌లో చేరలేదు. ఉద్యోగం ఖాయమని చేరాను.

నాన్న నన్ను సైకిల్ మీద తెచ్చి హాస్టల్ గేటు దగ్గర దించాడు. “నాను పనికెల్తన్నాను గదా అని నువ్వూ ఎల్లాలని లేదమ్మా. బయమేత్తే ఫోన్ సెయ్యి, వొచ్చి తీసుకెల్లిపోతాను. సదువు పోతే పోనీ” అన్నాడు.

మొదటి డ్యూటీలోనే ఒక ఆటో డ్రైవర్‌కి ఆక్సిజన్ పడిపోతోంది. నాన్న వయసే ఉంటుంది. బోర్లా తిప్పాలంది సీనియర్ నర్సు దీదీ. నేను ఆ పని బొమ్మ మీద తప్ప మనిషి మీద ఎప్పుడూ చేయలేదు. బోర్లా పడుకుంటే చచ్చిపోతానని అతను పెనుగులాడాడు, నా చెయ్యి పట్టి గుంజాడు. ఎలాగో తిప్పాం. మానిటర్‌లో అంకె కదల్లేదు. ఇంకో మంచం నుంచి పిలుపొస్తే దీదీ అటు పరిగెత్తింది. నన్ను మాత్రం వెళ్లొద్దని అతను బెంగాలీలో బతిమాలాడు. వీపు నిమురుతూ అలాగే నిలబడ్డాను. చాలాసేపటికి అంకె మెల్లగా పైకి జరిగింది. అప్పుడు చూసుకున్నాను, నా గ్లవ్ బొటనవేలి దగ్గర చిరిగిపోయి ఉంది.

మర్నాటికి గొంతులో గరగర మొదలైంది. నన్ను వేరే గదిలో పెట్టారు. నాన్నకు ఫోన్ చేసి, వచ్చెయ్యమన్నాను. ఎందుకని అడగలేదు, వచ్చాడు. పరీక్ష ఫలితం తేలేదాకా పంపేది లేదన్నారు. నాన్న ఎదుటి ఫుట్‌పాత్ మీద కూర్చున్నాడు. పోలీసు లేపితే కాస్త దూరం వెళ్లి మళ్లీ వచ్చాడు. కిటికీలోంచి చూస్తూ, ఈ చదువే ఎందుకు చదివానా అని ఏడ్చాను.

ఫలితంలో కోవిడ్ లేదని వచ్చింది. నాన్నతో ఇంటికి వెళ్లిపోయాను. ఇంక ఎల్లవు గదా అని అమ్మ అడిగితే, వెళ్లనన్నాను. నిజంగానే అన్నాను. కానీ అన్నం ముందు కూర్చున్నా ఆ ఆటో డ్రైవర్ ఎలా ఉన్నాడోనన్న బెంగే. కొన్నాళ్లకు, హాస్టల్లో దించమని నాన్నను అడిగాను.

“ఎవులైనా రమ్మన్నారేటి?”

“లేదు, నేనే వెళ్తానంటున్నా.”

“మరి బయం?”

“ఉంది నాన్నా.”

ఆయన సైకిల్ బయటికి తీశాడు.

వార్డులో అతని మంచం మీద వేరే మనిషి ఉన్నాడు. ఆటో డ్రైవర్ కోలుకుని తన కాళ్ల మీదే ఇంటికెళ్లాడని దీదీ చెప్పాక గాని ఊపిరి పీల్చుకోలేకపోయాను. చదువు పూర్తయ్యాక, ఏ విభాగంలో చేరతావని ఆసుపత్రివాళ్లు అడిగితే ఐసీయూ అన్నాను. అమ్మ చాలా రోజులు నాతో మాట్లాడలేదు.