నోల్డీ పొగ

ఆల్ప్స్ కొండల కింద, జీతాలిచ్చి మరీ ఓడిపోయే మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు ఆటకొచ్చి, ఆట చూడనివాడు నోల్డీ ఒక్కడే. గోలుపోస్టు వెనక, మైదానానికి వీపు పెట్టి, బొగ్గుల మీద సెర్వెలా సాసేజీలు కాలుస్తుంటాడు. బొజ్జ దాకా వేలాడే ఎర్ర మఫ్లరు నిండా ఆవముద్ద మరకలే. రెండో సగంలో అవతలి జట్టు గోల్‌కీపర్ అటువైపు రాగానే నిప్పుల మీద కాస్త కొవ్వు జారవిడిచి, అట్టముక్కతో తెగ విసురుతాడు. గోలీ దగ్గుతూ కళ్ళు నులుముకుంటాడు. రిఫరీ అడిగితే, "గాలి నా మాట వింటుందా సార్?" అంటాడు.

కిందటి మే నెలలో, స్విస్ రెండో డివిజన్‌లో నిలవాలంటే చివరి ఆట ఓడకూడదు. టాసు గెలిచిన అవతలి కెప్టెన్ వైపులు మార్చేశాడు. రెండో సగంలో పొయ్యి ముందుకొచ్చింది మా గోలీ బెనో. నోల్డీ వెనక్కి తిరిగి చూస్తేగా! చెయ్యి నొప్పెట్టేలా విసిరాడు. బంతి బెనో కాళ్ళ మధ్య నుంచి నింపాదిగా లోపలికి దొర్లింది. జనం గోల విని నోల్డీ పటకారు పైకెత్తి, "అదీ నా దెబ్బ!" అని అరిచాడు.

"నీ పొయ్యిలో నీళ్ళు పొయ్య! మమ్మల్ని కింది డివిజన్‌కి తోశావు కదా మావా!" అన్నాడు బెనో, కళ్ళు కారుతుంటే.

కొత్త సీజన్‌లో క్లబ్బు అధ్యక్షురాలు ఫ్రెనీ అతన్ని పొయ్యికి అవతల, మైదానం కనపడేలా నిలబెట్టింది. మొదటి పావుగంట నోరు తెరుచుకుని చూశాడు. సాసేజీలు మాడాయి.

"ఒరే బెనో! ఇన్నేళ్ళూ మీరాడింది ఇదేనా? మరి నా పొగనెందుకురా తిట్టారు!"

పొయ్యి చుట్టూ నడిచొచ్చి, మళ్ళీ మైదానానికి వీపు పెట్టాడు.