వంటగట్టు కొలత

మా కోడలు వంటిల్లు మార్పిస్తా ఉంది. మొన్న ఆదివారం కొలతలు తీసుకోవడానికి ఒకాయన వచ్చినాడు. గోడ మీద ఎర్రచుక్క వేసి దూరం చెప్పే యంత్రం ఒకటి, సెల్‌ఫోన్లో వంద రకాల బొమ్మలు. అన్నీ అయినాక, "వంట ఎవరు చేస్తారు మేడమ్? హైట్ చూసుకోవాల" అన్నాడు. మా కోడలు వెనక్కి తిరిగి, "అత్తమ్మా, ముందు మీరు రండి" అనింది. పాపం, మంచి మనసుతోనే పిలిచింది. నేను మాత్రం పోలేదు. కండ్లు తిరగతా ఉండాయని అబద్ధం చెప్పి ముందుగదిలోకొచ్చి కూచున్నాను. ఆ ప్రశ్న నా చెవిన పడడం ఇది రెండోసారి. మొదటిసారి పడినప్పుడు నేను చేసిన పని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను, తిట్టుకుంటే తిట్టుకోండి.

డెబ్బైల చివరి మాట ఇది. తిరుపతిలో మాది చిన్న మిద్దె. ఈ ఊళ్ళో ఇల్లున్నవాళ్ళకు దేనికైనా కొరత ఉండొచ్చు గానీ చుట్టాలకు మాత్రం ఉండదు. చిత్తూరు నుంచి, కాళాస్త్రి నుంచి, గూడూరు నుంచి, ఎప్పుడో పెండ్లిలో ఒకసారి చూసిన మొహాలు కూడా జుట్టుతో వచ్చి, కొండకు పోయి, గుండ్లతో దిగి, "అక్కా, ఆకలి" అని మా నడింట్లో చతికిలబడేవాళ్ళు. వాళ్ళందరికీ వండి పెట్టేది మా అత్త. అత్త అంటే ఊరికే మొగుడి తల్లి కాదు, మా నాయనకు సొంత అక్క. నా చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే బస్సెక్కి మా ఊరొచ్చి పక్కన కూచునే మనిషి. బాగా పొట్టి. నేనేమో మా నాయన పోలిక, తాటిచెట్టు. నేల మీది మట్టి పొయ్యి ముందర అత్త పీటేసుకొని కూచునిందంటే ఉప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు అన్నీ చేతికందే దూరంలో ఉండాల. లేవకుండానే పదిమందికి పప్పు, రాగిసంగటి, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి తయారు. ఆమె సంగటి గెలకడం చూడాల! కుండ దించి, గుడ్డ చుట్టి రెండు పాదాల నడుమ అదిమిపట్టి, రెండు చేతులతో తెడ్డు తిప్పేది. "తినండబ్బా, కొండెక్కి దిగిన కాళ్ళు" అని ఇంకో ముద్ద వేసేది, వద్దంటే వినేది కాదు.

నాకు ఆ వంటిల్లంటే పడేది కాదు. చీకటి, పొగ అని అందరికీ చెప్పేదాన్ని. నిజం చెప్పాలంటే పొగ ఒక సాకు. పెండ్లయి ఎనిమిదేండ్లయినా ఆ ఇంట్లో నేను ఎర్రగడ్డలు తరిగిచ్చే మనిషినే. చుట్టాలు చేతులు కడుక్కుంటా "అక్క చెయ్యే చెయ్యి" అంటే నాకు కడుపు మండేది. ఎన్నేండ్లకో మాకు గ్యాసు పొయ్యి వచ్చింది. ఇంక నన్ను పట్టేవాళ్ళు లేరు. పాత క్యాలెండరు వెనకవైపు గీతలు గీసినాను. వెనక గోడ పడగొట్టి పెరట్లోకి ఆరడుగులు పెంచాల, కడప బండతో నిలబడి వండుకునే గట్టు కట్టాల, కిటికీ పెట్టాల. వాస్తు చెప్పడానికి వీధి వీధంతా దిగింది. ఆగ్నేయం వదలొద్దని ఒకరు, తూరుపు మొహం తప్పొద్దని ఇంకొకరు. మా ఆయన "మీరూ మీరూ చూసుకోండి" అని ఆఫీసుకు పోయేవాడు. అత్త మాత్రం, "మంచిదేలేమ్మీ, నీ కండ్లకు పొగ తప్పతాది" అనింది.

మేస్త్రి చిత్తూరు దిక్కు మనిషి, అరవం కలిసిన మాట. ఆయన దగ్గర టేపు ఉండేది గానీ గట్టుకు టేపు పెట్టేవాడు కాదు. వంట చేసే ఆడమనిషిని నిలబెట్టి, మోచేతి కాడ నుంచి నేలకు పురికొస వదిలి, నాలుగు వేళ్ళు తగ్గించి ముడి వేసేవాడు. ఆ ముడే గట్టు ఎత్తు. ఇంటింటికీ ఒక ముడి. గోడ పడగొట్టి, అడ్డంగా గోనెపట్టాలు కట్టిన రోజు ఆయన పురికొస తీసి, "ఈ ఇంట్లో వంట సేసేది ఎవరమ్మా? వచ్చి ఈడ నిలబడండి" అన్నాడు. పెరట్లో తొట్టి కాడున్న అత్త చేతులు కొంగుకు తుడుచుకుంటా బయల్దేరింది. నేను చూసినాను. చూసి కూడా, రెండంగల్లో పోయి మేస్త్రి ముందర నిలబడినాను. అత్త మధ్యలోనే ఆగిపోయింది. "పప్పు మాడతాండాది" అని వెనక్కి తిరిగింది. ఆ పొద్దు మేము ఇంకా పొయ్యే వెలిగించలేదు.

మేస్త్రికి కండ్లుండాయి. మర్నాడు పొద్దున్నే నా దగ్గరికొచ్చి మెల్లగా, "ఏమ్మా, పెద్దమ్మకు కూడా ఒక కొలత తీస్తాను. రెండు ముడులకూ నడాన కడితే ఇద్దరికీ జరుగుబాటైతాది. లేదంటే ఈ మూలకు ఒక కింద పొయ్యి వదిలేస్తా, ఒక పూట పని" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "పొగకు కొత్త సున్నం నల్లబడతాది. ఆమె ఇంకెన్నాళ్ళు చేస్తాదిలే మేస్త్రీ, నా కొలతకే కట్టు" అన్నాను. గోనెపట్టా అవతల రోట్లో పచ్చడి నూరే చప్పుడు ఆగిపోయింది. కొంచెం సేపటికి మళ్ళా మొదలైంది. ఆమె వినింది. విన్నదని నాకు తెలుసు, నాకు తెలుసునని ఆమెకూ తెలుసు. ఆ మాట ఎత్తి ఆమె ఒక్కనాడూ నన్ను అడగలేదు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే నేనింత కుమిలేదాన్ని కాదు.

గట్టు మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది, నాకు. పాలు పొంగించమంటే అత్త, "నువ్వే పొంగించమ్మీ" అనింది. ఒకటి రెండుసార్లు పీట ఎక్కి నిలబడి పోపు పెట్టింది. "కూచునే పీట ఎక్కి వండే కాలమొచ్చిందే" అని నవ్వింది గానీ నూనె చిట్లి మొహం మీదే పడేది. ఇంక గట్టు మీద సంగటి గెలకడం ఎవరి తరం? కుండను పట్టడానికి పాదాలు కావాల గదా, కాలే కుండను అంత ఎత్తు నుంచి కిందికి దించడం పొట్టి మనిషికి ఎట్ల అవుతాది? మా ఇంట్లో సంగటి ఆగిపోయింది. నేను అన్నం, సాంబారు, ఇడ్లీలు చేసి పెడితే చుట్టాలు బాగుందన్నారు, నేను పొంగిపోయినాను, ఛీ. ఒకరోజు సాయంత్రం అత్త వంటింటి గడప బయట నిలబడి, "అమ్మీ, రవ్వంత కాఫీ ఇస్తావా?" అనింది. ఆమె ఇంట్లో ఆమె అట్ల అడిగింది.  నేను కాఫీ కలిపిచ్చి ఊరుకున్నాను.

మధ్యాన్నం పూట అత్త వెనక వీధిలో పూలు కట్టే ఆమె ఇంటికి పోయేది. ఊసులాడుకోవడానికి పోతాందని అనుకున్నాను. ఐదేండ్లు అట్లనే అనుకున్నాను. ఒకరోజు ఆ పూలామె వచ్చి, "మీ అత్త పది దినాలుగా రాలేదేమ్మా? మా పిల్లోళ్ళు సంగటి సంగటి అని పానం తీస్తాండారు" అనింది. "సంగటా?" అన్నాను. "అవునమ్మా, మా పొయ్యి కాడ కూచోని దినామూ ఆయమ్మే గెలికేది. నీకు తెలీదా?" తెలుసన్నట్టు తలకాయ ఊపినాను. ఆమె అట్ల పోతానే తలుపేసుకొని ఏడ్చినాను. సొంత ఇంట్లో పొయ్యి లేకుండా చేసినాను గదా, ఆ మనిషి పక్కిండ్ల పొయ్యి వెతుక్కునింది.

ఆ పొద్దే కబురు పెట్టి మేస్త్రిని పిలిపించినాను. పెరటి పంచలో కింద పొయ్యి కట్టమన్నాను. ఆయన నా మొహం ఒకసారి చూసి, "పెద్దమ్మను కూసోబెట్టండి, కొలత తీస్తా" అన్నాడు. నేనే పీటేసినాను. అత్త గోడ పట్టుకొని, మెల్లగా దిగి కూచునింది. మేస్త్రి కొలిచి ముడి వేసినాడు. అత్త లేవబోయింది. లేవలేకపోయింది. నేనొక రెక్క, మేస్త్రి ఒక రెక్క పట్టి లేపినాము. పూలామె ఇంటికి పది దినాలుగా ఎందుకు పోలేదో అప్పుడు నాకు తెలిసింది. అత్త చీర కుచ్చిళ్ళు సర్దుకొని నవ్వింది. "కూచుంటే లేవలేను, నిలబడితే అందదు. ఇంకెందుకులే అబ్బా, నువ్వు పో" అని మేస్త్రితో అనింది. నేను ఆమె చెయ్యి వదల్లేదు. "తప్పు నాదత్తా, కోపం పెట్టుకోవద్దు" అన్నాను. "కోపమేందే, నువ్వు నా తమ్ముడి బిడ్డవి" అని నా చెంప నిమిరింది. ఆ చెయ్యి ఇప్పటికీ తగులుతానే ఉంటుంది. నాకు బుద్ధి రావడానికి ఐదేండ్లు పట్టింది. మా అత్త మోకాళ్ళు అంతకాలం ఆగలేకపోయినాయి.