తెల్లకోక కార్డు

మా బావ కోబే నుంచి తెచ్చిన ఆస్తంతా ఒక రేకుడబ్బాలో పట్టింది. అందులో ఐదు ఫోటో కార్డులు. ఐదింటిలోనూ ఒకే అమ్మాయి, జపాను సినిమా తార. ఆమె పేరు చెప్పబోతే బావకే నాలుక మడతపడేది. అందుకని మా ఊరు బారువలో మేమంతా ఆమెను కోబే పిల్ల అనేవాళ్లం.

బావంటే మా మేనత్త కొడుకు. రంగూన్‌లో ధాన్యం మిల్లుకని వెళ్లి, మూటలు మోయలేక బియ్యం ఓడలో వంటపనికి చేరాడు. ఆ ఓడ మరమ్మతుకని కోబే రేవులో నెలన్నర ఆగిపోతే, ఈయన రోజూ సినిమాకి పోయాడు. ఆరేళ్ల తర్వాత ఊరికి తిరిగొచ్చేసరికి నాకు ఇరవై రెండేళ్లు. నా మొగుడు రంగూన్‌లో జ్వరంతో పోయి అప్పటికి రెండేళ్లు. బొట్టూ పసుపూ తీసేసి నాకు తెల్లకోక ఇచ్చారు. మా వాళ్లలో మారుమనువు తప్పేమీ కాదు. కానీ అడగడానికి వచ్చినవాళ్లు నా నోరు విని, ఇచ్చిన మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయేవారు. పోతే పోయారు, నాకేం బాధ అని అందరితో అనేదాన్ని. అది అబద్ధం.

ఎండ వాలాక ఆడవాళ్లం ఇసుకలో ఆరబెట్టిన నెత్తళ్ల చేపలు ఎత్తడానికి చేరేవాళ్లం. బావ కొబ్బరి ఈనె కొస చీల్చి, అందులో ఆ రోజు కార్డు ఇరికించి, ఇసుకలో పాతేవాడు. రోజుకొక్క కార్డే. అప్పటికి సినిమాకి మాట రాలేదు. కోబేలో తెర పక్కన ఒక మనిషి నిలబడి, బొమ్మలో అందరి మాటలూ తానే చెబుతాడట. బావ అచ్చం అలాగే ఈనె పక్కన నిలబడి, ఆడగొంతు, మగగొంతు, చివరికి కుక్క అరుపు కూడా తానే పెట్టేవాడు.

మొదటి కార్డులో కోబే పిల్ల కాగితం గొడుగు పట్టుకుని ఉంది. ఆమె నాన్న కర్రచెప్పులు చేసేవాడు. పిల్ల పద్నాలుగో ఏట సినిమాలు తీసేచోట ఊడవడానికి చేరింది. అక్కడా మన భాగోతంలోలాగే ఆడవేషాలు మగవాళ్లవేనట. ఒకరోజు యంత్రాన్ని దగ్గరికి తెచ్చి మొహం పెద్దగా తీయబోతే, రాజకుమారి గడ్డం పౌడరు కిందనుంచి నల్లగా కనబడిందట. ఆ రాజకుమారి బీడీ కాల్చుకుంటూ అలిగి వెళ్లిపోయాడు. చీపురు పట్టుకున్న పిల్లను పిలిచి నిలబెట్టారు. మా ఆడవాళ్లు నవ్వి నవ్వి చేపల్లో కూలబడ్డారు.

రెండో కార్డులో కత్తి పట్టుకుంది. మూడోదాంట్లో నెరిసిన జుట్టు పెట్టుకుని ముసలితల్లి అయింది. తెరకెక్కిందని నాన్న ఏడాదిపాటు ఆమెను ఇంటికి రానివ్వలేదట. ఆ తర్వాత ఎవరికీ చెప్పకుండా తానే టిక్కెట్టు కొనుక్కుని వెనకవరసలో కూర్చున్నాడు. తెరమీద కూతురు చచ్చిపోయేసరికి గొల్లుమని ఏడ్చి, సినిమా సగంలో లేచి, ఆమె బతికుందో లేదో చూడటానికి వీధుల వెంటబడి పరుగెత్తాడు. నాలుగో కార్డులో ఆమె చేతికి గడియారం పెట్టుకుని నవ్వుతోంది. తన సంపాదనే. ఇందులో ఎంత నిజమో, ఎంత బావ ఓడలో అల్లుకున్నాడో నాకు తెలియదు. ఆ గడియారం పిల్ల మాత్రం నాకు ప్రాణం అయిపోయింది. మొగుడి ఊసు లేకుండా ఒక ఆడమనిషి కథ వినడం నాకు అదే మొదలు.

ఐదోరోజు కార్డు పాతగానే మా మేనత్త ముందుకొచ్చి వంగి చూసింది. అందులో కోబే పిల్ల నిలువునా తెల్లబట్టలో ఉంది. నెత్తిమీద తెల్ల ముసుగు, కళ్లు కిందకి.

“పసుపు ముట్టని తెల్లకోక. సేతికి గాజు నేదు, తల్లో పువ్వు నేదు. పాపం, మొగుడు పోయినాదిరా,” అంది అత్త.

“కాదమ్మా, అది పెళ్లి...” అన్నాడు బావ.

“పెళ్లేటిరా? మన పెళ్లికూతురు తెల్లకోకని పసుపులో ముంచి కడతాది. ఎలాగ సచ్చిపోనాడో సెప్పు!”

అందరూ సెప్పు సెప్పు అన్నారు. బావ తల్లి వైపు చూసి, లేని మొగుణ్ణి పుట్టించి, పడవెక్కించి, సముద్రంలో ముంచేశాడు. జనం హాయిగా ఏడ్చారు. నేను బుట్ట ఎత్తుకుని లేచాను.

“ఊరంతా ఏడవడానికి నానొక్కర్తినీ సాలనా? ఆయమ్మిని కూడా నాలాగ సెయ్యాలా?” అని అరిచి వచ్చేశాను. ఇంటికి వచ్చాక చాలాసేపు ఏడ్చాను. చెప్పడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు.

నాలుగురోజులు అటు వెళ్లలేదు. పెరట్లో కూర్చుని చేపలకి నౌపడ ఉప్పు పట్టించాను. నాలుగో మధ్యాహ్నం బావ వచ్చి దడి అవతల నిలబడ్డాడు.

“అది పెళ్లిబట్టే. ఆ దేశంలో పెళ్లికూతురు తెలుపే కడతాది. నా కళ్లతో సూసినాను.”

“మరి అబద్ధమెందుకు సెప్పినావు?”

“మా అమ్మ నోటికి జడిసి.”

“నా నోటికి జడవవా?”

“జడుత్తాను. అందుకే నాలుగు రోజులు రానేదు.”

నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. ఆయన దడి మీంచి కార్డు అందించాడు. “నానింక రంగూన్ ఎల్లను. నన్ను సేసుకుంటావా? సేసుకుంటానంటే రేపు నువ్వే ఈ కార్డు పాతు. నేదంటే నా డబ్బాలో పడెయ్యి,” అన్నాడు. జవాబు కోసం ఆగకుండా, మా కోడిని తొక్కబోయి తప్పించుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్న అమ్మ దాచిన పసుపుకొమ్ము తీసి, రాతి మీద కొద్దిగా అరగదీశాను. రెండేళ్ల తర్వాత పసుపు ముట్టడం అదే. పెళ్లి శుభలేఖకి పెట్టినట్టు కార్డు మూలలకు అద్దాను. నా ధైర్యం మూడు మూలలకే సరిపోయింది. నాలుగోదాన్ని వదిలేశాను.

సాయంత్రం అందరి ముందూ నేనే ఈనె పాతాను. బావ ఈనె పక్కన నిలబడి కథ ఎత్తుకోబోయాడు. కుక్క అరుపు కూడా రాలేదు. అత్త వంగి చూసింది.

“పసుపెవులు పెట్టినారు?”

“నానే,” అన్నాను. అంత చిన్నగా నేనెప్పుడూ మాట్లాడి ఉండను.

అత్త నన్ను చూసింది, కొడుకుని చూసింది, మళ్లీ కార్డుని చూసింది. చేపల మీద వాలిన కాకిని కూడా ఎవరూ తోలలేదు.

“ఇన్నాళ్లకి ఒక పని సేసినావు, అదీ సగమే. ఈ మూలకేది?” అంది.

వేలు తడి చేసుకుని, తన చెంపకున్న పసుపు తీసి, ఆ నాలుగో మూలకి తనే పెట్టింది.