నల్లకారుకి నేను పోసిన నీళ్ళు

మా నాన్నగారు తన పాత నల్లకారుకి కాలవనీళ్ళు తప్ప పోసేవారు కాదు. మాది రాజోలు వైపు, సముద్రానికి దగ్గర ఊరు. బోరు వేస్తే వచ్చేవి ఉప్పునీళ్ళే. "గిన్నెలనే తినేస్తున్నాయి ఈ నీళ్ళు, ఇంజన్ని వదులుతాయా?" అని ఆయన బిందెతో కాలవనీళ్ళు తెచ్చి, గుడ్డలో వడకట్టి రేడియేటర్లో పోసేవారు. వేసవిలో కాలవలు కట్టేస్తారని ముందే రెండు డ్రమ్ములు నింపి దాచేవారు. ఇంట్లో మాకు లేని మర్యాద ఆ కారుకి ఉండేది.

ఆయన పోయాక కారు నా చేతికొచ్చింది. మొదటి వేసవిలోనే డ్రమ్ములు నింపడం మరిచిపోయాను. కాలవ ఎండింది. షెడ్డు పక్కనే బోరు పంపు. ఒక్కసారికి ఏమవుతుందిలే అని పట్టి పోశాను. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే నా కొంప ముంచింది. తర్వాత కాలవ నిండుగా పారుతున్న రోజుల్లో కూడా గొట్టం లాగి బోరునీళ్ళే పోసేవాణ్ణి. అలా ఎనిమిదేళ్ళు గడిచాయి. నేను బద్ధకస్తుణ్ణని ఊరందరికీ తెలుసు కానీ, ఈ ఒక్క బద్ధకం మాత్రం ఎవరికీ తెలియదు.

కిందటేడు అన్నయ్య గల్ఫ్ నుంచి పూర్తిగా వచ్చేశాడు. అక్కడ పాతకార్లకి కొత్త బలం పోసే గ్యారేజీల్లో సగం జీవితం గడిపాడు. వస్తూ వస్తూ ఒక సూపర్ ఛార్జర్ తెచ్చాడు. ఇంజన్లోకి గాలిని బలవంతంగా కూరే యంత్రం అది. "దీన్ని నాన్నగారి కారుకి బిగిస్తాను. ఇది బాగా తిరిగిందంటే ఇక్కడే షెడ్డు పెట్టుకుంటాను. పాతకార్లున్నవాళ్ళు వెతుక్కుంటూ వస్తారు. ఇక విమానం ఎక్కేది లేదు," అన్నాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఏడాదికో నెల మొగుణ్ణి చూసిన మనిషి మా వదిన. ఆ మాట విని ఆవిడ పైటచెంగుతో మొహం తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ ఆశంతా ఆ ఇంజన్ మీదే ఉందని మాకందరికీ తెలుసు.

"గాలి ఎక్కువ కూరితే లోపల మంట పెద్దదవుతుంది. ఇంజన్ పైన మూతలా ఉండే హెడ్డు దానికి ఆగాలి. ముందు హెడ్డు సంగతి చూడకుండా ఇది బిగిస్తే చేతులు కాల్చుకున్నట్టే," అని అన్నయ్య ముందు హెడ్డు విప్పాడు. పాతదానికే పెద్ద వాల్వులు వేయించి వాడుకోవచ్చేమో చూద్దామని, ఇద్దరం దాన్ని గోనెలో చుట్టి అమలాపురంలో లేతు షాపుకి తీసుకెళ్ళాం. షాపాయన దాని కన్నాలన్నీ మూసి, లోపలికి గాలి పట్టించి, నీళ్ళతొట్టెలో ముంచాడు. ఒక మూల బుడగలు లేచాయి. తర్వాత ఇంకో మూల. కాసేపటికి తొట్టెంతా బుడబుడమంది.

"పైన పటారం లోన లొటారమండీ ఇది," అన్నాడు షాపాయన. "నీళ్ళు తిరిగే దారులన్నీ పుచ్చిపోయేయి. కొత్త హెడ్డు పోయించుకోండి. కింద ఇంజన్ బ్లాకు కూడా ఈ నీళ్ళే తాగింది కదండీ, అదీ దింపి తీసుకురండి, చూద్దాం."

అన్నయ్య నావైపు తిరిగాడు. "నువ్వేం నీళ్ళు పోసేవురా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకాన్ని నేను. కానీ ఆరోజు చెయ్యి కదల్లేదు. "కాలవనీళ్ళే అన్నయ్యా. నాన్నగారి డ్రమ్ములు ఇంకా ఉన్నాయిగా," అన్నాను.

"అయితే ఈ హెడ్డు పోతలోనే ఏదో లోపం ఉందండీ. బ్లాకుకి భయం లేదు," అన్నాడు అన్నయ్య. షాపాయన నా మొహం కేసి ఒకసారి చూసి, తొట్టెలో నీళ్ళు పారబోశాడు.

కొత్త హెడ్డు తయారై రావడానికి మూడు వారాలు పట్టింది. పెద్ద వాల్వులు, అవి కూర్చునే గట్టి సీట్లు, లావుపాటి బోల్టులు. అన్నయ్య దాన్ని పసిపిల్లని నిమిరినట్టు నిమిరేవాడు. ఆ మూడు వారాలూ నాకు అన్నం సయించలేదు. ఒక మధ్యాహ్నం ఆయన ఊళ్ళో లేనప్పుడు, బ్లాకు అడుగున నీళ్ళు వదిలే చిన్న కుళాయి తిప్పాను. నీళ్ళు రాలేదు. తీగతో పొడిచాను. ఇటుకపొడి రంగు బురద, అందులో పెచ్చులు పెచ్చులుగా తుప్పు, గచ్చు మీద పడింది. అప్పుడైనా ఆ బురద అలాగే వదిలేసి అన్నయ్యకి చూపించాల్సింది. బకెట్టు తెచ్చి గచ్చు శుభ్రంగా కడిగేశాను. ఆ ఎనిమిదేళ్ళలో ఆ కారు దగ్గర నేను ఒళ్ళువంచి చేసిన పని అదొక్కటే.

స్టార్ట్ చేసే రోజు పొద్దున్నే వదిన తలంటుకుని వచ్చి సూపర్ ఛార్జర్‌కి కుంకుమ పెట్టింది. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. శుభమా అని మొదలుపెడుతుంటే అడ్డుమాట ఎందుకని మూసుకున్నాను. అది సాకు. నాకు భయం కారు గురించి కాదు, అన్నయ్య దగ్గర నా మాట పోతుందని.

ఇంజన్ మొదటి తిప్పుకే అందుకుంది. కాసేపు మామూలుగా తిరిగి వేడెక్కాక, అన్నయ్య బానెట్ మీదకి వంగి చేత్తో యాక్సిలరేటర్ తీగ లాగాడు. సన్నటి ఈల మొదలైంది. ఆయన నవ్వుతూ ఇంకొంచెం లాగాడు. ఈల పెరిగింది. దాని అడుగున టక్కు టక్కుమని ఇంకో చప్పుడు నాకు వినపడింది. వదిన చెల్లీ అని పిలిచే నా భార్య కారు ముందే నిలబడి చూస్తోంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని గోడదాకా వెనక్కి లాగేశాను. వదిన అవతలి పక్క చక్రం దగ్గరే ఉంది. అన్నయ్య తల ఇంజన్ మీదే ఉంది.

బ్లాకు పక్కగోడ పగిలింది. మరుగునీళ్ళు, ఆవిరి, తుప్పు అన్నీ కలిసి ఎగిసి అన్నయ్య మొహాన కొట్టాయి. ఆ కేక నేను రాయలేను. వదిన చేతులు కాలుతున్నా ఆయన్ని భుజాలు పట్టుకుని ఇవతలికి లాగింది.

అమలాపురం ఆసుపత్రిలో ఆయనకి రెండు కళ్ళకీ కట్టు కట్టారు. ఎడమకన్ను సంగతి చెప్పలేమన్నారు. నా అడుగుల చప్పుడు గుర్తుపట్టి, "కాలవనీళ్ళే పోసేం కదరా, బ్లాకు ఎలా పోయిందంటావు?" అని అడిగాడు. నేను వరండాలోకి వచ్చేశాను.

వదిన నా వెనకే వచ్చింది. రెండు చేతులకీ మందు పూసి ఉంది. గొంతు పెంచలేదు.

"చెల్లిని ముందే వెనక్కి లాగేసేరు కదండీ, మరిదిగారూ," అంది. "మీకు తెలుసాండీ?"

"తెలుసు వదినా," అన్నాను.

ఆవిడ లోపలికి వెళ్ళి అన్నయ్య పక్కన కూర్చుంది. ఏం చెప్పిందో నేను వినలేదు. అన్నయ్య ఇప్పుడు ఒక కన్నుతోనే నెట్టుకొస్తున్నాడు. నేను వీధిలో కనపడితే భోంచేశావా అంటాడు, జవాబు కోసం ఆగకుండా ముందుకు వెళ్ళిపోతాడు.