ఇప్పచెట్టు కింద చెక్క గూడు

పట్నం సారు ఒకాయన మా ఊరి పక్క మెట్టచెలక కొనుక్కుని, మౌనంగా కూర్చోవడానికి అందులో ఒక చెక్క గూడు కట్టించాడు. రోజుకో గంటైనా కరెంటు సరిగా రాని ఊరికి ఇంతకన్నా అత్యవసరం ఏముంటుంది? అది తామరమొగ్గ ఆకారమట. మా కంటికి కోళ్లగంప.

కోపం గంప మీద కాదు. దాన్ని మా ఇప్పచెట్టు కిందే బోర్లించాడు. మా దగ్గర చెలక ఎవరిదైనా, తరాలుగా పూవు ఏరుకునే ఇంటిదే చెట్టు. ఒకరి చెట్టు కింద ఇంకొకరు వంగరు. ఏటా తొలి పూవు సొంత చెట్టుదే ఇంటి వేల్పు ముందు పెట్టాలి. లోకమంతటికీ తెలిసిన సంగతే కదా అనుకుని, సారుకు ఎవరమూ చెప్పలేదు.

ఎండాకాలం వచ్చింది. పూవు రాలేది తెల్లవారుజామున. మౌనమూ అప్పుడేనట. అవ్వా నేనూ గంపలతో వెళ్లేసరికి కంచె గేటుకు తాళం. కాపలా మా బావే. కొత్త టోపీ పెట్టుకుని, మమ్మల్ని మొదటిసారి చూస్తున్నట్టు నిలబడ్డాడు. రాలిన పూవంతా గూడు కప్పు మీద నుంచి జారి కంచె లోపల కుప్ప పడుతోంది. పూవు పోగుచేయడానికి అంత మంచి యంత్రాన్ని నేను మళ్లీ చూడలేదు.

"తొమ్మిదికి రా అవ్వా," అన్నాడు బావ. "గిది మౌనం టైము."

"గప్పటిదాక పూవు ఆగుతదారా? గాయన మౌనమే జర ఆగాలె."

కంచె సందులోంచి తొంగి చూశాను. గూట్లో ఒక ఊరకుక్క పడుకుని ఉంది.

"సారేడి బావా?"

"ఎండలని పట్నం పోయిండు. రూలు రూలే."

తొమ్మిదికి మళ్లీ వెళ్లాం. గేటు తెరిచే ఉంది. సారుకు ఆ వాసన పడదని, బావ అప్పటికే పూవంతా ఊడ్చి గుంటలో వేసి నిప్పంటించాడు. ప్రతి పొద్దూ అదే పని. తన ఇంటి వేల్పుకూ తొలి పూవే పెట్టాలన్నది టోపీ కింద ఎక్కడో ఇరుక్కుపోయింది.

పక్కింటి అత్త తన చెట్టు కింద ఏరుకొమ్మంది. అవ్వ వంగలేదు. తొలి పూవు పెట్టే పండుగ నాడు వేల్పు ముందు ఖాళీ గంప పెట్టింది. ఇంటిల్లిపాదీ దాని చుట్టూ కూర్చున్నాం. ఎవరమూ మాట్లాడలేదు.

సారుకు అంతగా మౌనం కావాలంటే ఆ రోజు మా ఇంటికి రావాల్సింది.