తిన్నానన్న చిలక

వీధిలో అందరూ ఆయన్ని టేపు మాస్టారు అంటారు. బట్టలు కుట్టడం ఆయన పని. మెడలోంచి కొలతల టేపు తీయడు. అక్క పోయిన రోజు కూడా అది మెడలోనే వేలాడుతుంటే, పక్క కొట్టు మంగలి వచ్చి మెల్లగా తీసి ఆయన జేబులో పెట్టాడు.

ముందు గదిలో మిషను, కత్తిరింపుల బల్ల. వెనక గది ఇల్లు. మధ్యలో ఒక పరదా. పరదాకి అవతల, కిటికీ దగ్గర కూర్చుని అక్క కాజాలు తీసేది, గుండీలు కుట్టేది. అక్కాతమ్ముళ్లిద్దరూ పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "కొలతలు కుదర్లేదు" అనేది అక్క.

మధ్యాహ్నం ఆయన మిషను తొక్కుతూనే పరదా వైపు తల తిప్పేవాడు.

"అక్కా, తిన్నావా?"

"తిన్నా."

మిషను ఆగేది కాదు. ఏళ్ల తరబడి అదే ప్రశ్న, అదే జవాబు. అక్క పక్కన పంజరంలో ఉండే చిలక ఆ జవాబు పట్టేసింది. పనిగట్టుకుని నేర్పిన మాట ఒక్కటీ దానికి రాలేదు. ఎవరూ నేర్పని ఈ మాట వచ్చింది. చివర్లో ఆయన ఒకసారి అడిగితే రెండు జవాబులు వచ్చేవి. ఏది ఎవరిదో తెలిసేది కాదు.

అక్కకి కడుపులో ఏదో పెరిగింది. తెలిసేసరికి ఆలస్యమైపోయింది. ఆమె పోయాక ఆయన అడగడం మానలేదు. పరదా వెనక నుంచి జవాబు రావడమూ మానలేదు. గొంతు అక్కదే, కాస్త జలుబు చేసినట్టు.

చిలకకి అక్క అలవాటు చేసింది పొద్దుతిరుగుడు గింజలు. అవి తప్ప ఇంకోటి ముట్టదు. ఒళ్లు చేసింది. ఈకల్లో నిగనిగ పోయింది. పంజరంలో కట్టిన కొమ్మ మీంచి ఇంకో కొమ్మ మీదకి గెంతినా ఆయాసపడుతోంది. ఆయన దాన్ని పక్షుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. చిన్న వయసు అమ్మాయి.

"కాలేయానికి కొవ్వు పట్టిందండీ. ఒట్టి గింజలంటే రోజూ వేపుళ్లే తిన్నట్టు. వీటికోసం అన్నీ కలిపి చేసిన గుళికలు, పెల్లెట్లంటారు, ఉంటాయి, అవి పెట్టండి. కానీ ఒక్కసారిగా మార్చొద్దు. గింజల్లో కొద్దికొద్దిగా కలపండి. కొన్ని పక్షులు వాటిని తిండి అనే అనుకోవు. బరువు చూస్తూ ఉండండి."

ఆయన తలూపాడు. విన్నాడు కూడా. కానీ దుకాణంలోకి అడుగు పెట్టేసరికి చేతి అలవాటు పైకొచ్చింది. గీత గీశాక కత్తెర మధ్యలో ఆపకూడదు. ఆగి ఆగి కత్తిరిస్తే అంచు పళ్లుపళ్లుగా వస్తుంది. పని నేర్చుకునేటప్పుడు మొదట ఒంటబట్టింది అదే. పైగా ఆ గొంతు కూడా పోతే పరదా వెనక ఇంకేమీ ఉండదు. గింజల డబ్బాకి మూత బిగించి అటక మీదకి ఎక్కించాడు.

గిన్నెలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గుళికలు పోశాడు. మంగలి వచ్చి తొంగి చూశాడు.

"ఇదేంటి బావా, దానికి గుండీలు పెడుతున్నావు? కాజాలు కూడా తీయాలా?"

"మందు లాంటిదిరా. నోర్మూసుకో."

మర్నాటికి పంజరం కింద రంగురంగుల పొడి రాలి ఉంది. గుళికలు తగ్గాయి. ఆయనకి సంతోషమేసింది. మిషను దగ్గర కూర్చుని అడిగాడు.

"తిన్నావా?"

"తిన్నా."

మిషను తొక్కాడు. రోజూ పొడి రాలింది. రోజూ జవాబు వచ్చింది. చిలక సన్నబడింది. కొవ్వు కరుగుతోందని మంగలికి చెప్పాడు.

"అయితే నువ్వూ వాటి మీదే ఉండు బావా. ఆ పొట్టకి బొందులు కట్టలేక చస్తున్నావు."

ఇద్దరూ నవ్వారు.

ఒక ఉదయం చిలక కొమ్మ మీద లేదు. పంజరం అడుగున, ఆ పొడిలో, ఈకలు ఉబ్బించుకుని కళ్లు సగం మూసుకుని కూర్చుని ఉంది.

"తిన్నావా?" అన్నాడు ఆయన, భయంగా.

"తిన్నా" అంది. వినపడీ వినపడనట్టు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికి ఒక అట్టపెట్టె వెతికాడు. అడుగున వెచ్చగా ఏదైనా పరవాలని అక్క బట్టల పెట్టె తీశాడు. పైన ఉన్న జాకెట్టు అందుకుని, మెత్తటి వైపు పైకి ఉండాలని తిరగేశాడు.

పక్క కుట్టుకి లోపల ఇంకో కుట్టు ఉంది. దానికి లోపల ఇంకొకటి. దానికీ లోపల మరొకటి. మిషను కుట్లు కావు. జాకెట్టు వదులైనప్పుడల్లా బిగిస్తూ, చప్పుడు లేకుండా చేత్తో వేసినవి, అక్క చేతివి. ఇంకో జాకెట్టు తిరగేశాడు. అందులోనూ అంతే.

వీధిలో ఎవరి నడుము ఎంతో చూపుతోనే చెప్పగలవాడు ఆయన. పంజరంలో చిలక కదిలిన చప్పుడుకి లేచి, దాన్ని అట్టపెట్టెలో పెట్టుకున్నాడు.

డాక్టరమ్మ దాని రొమ్ము మీద వేలు పెట్టి, ఆయన వేలు కూడా పట్టి పెట్టించింది. ఎముక కత్తెర అంచులా తగిలింది.

"పొడి చేసి పారేసిందండీ. ఒక్కటీ మింగలేదు. తింటోందని ఎలా అనుకున్నారు?"

"అదే చెప్పిందమ్మా."

ఆమె ఆయన మొహం చూసి నవ్వలేదు.

"రోజూ అడిగాను. తిన్నాననేది."

డాక్టరమ్మ గొట్టంతో దాని గొంతులోకి ఏదో పట్టింది. మళ్లీ గింజలే పెట్టమంది. అది నిలదొక్కుకున్నాక గుళికలు నూరి, తడిపి, గింజలకి పూసి, చాలా మెల్లగా మార్చమంది.

ఆయన పరదా తీసేశాడు. పంజరాన్ని మిషను పక్కకి తెచ్చుకున్నాడు. దుకాణంలో పని వెనకపడింది. బట్టలిచ్చినవాళ్లు సణిగారు. ఆయన గుళికలు నూరేవాడు, పూసేవాడు, కళ్లజోడు పెట్టుకుని అది మింగేదాకా గొంతు వైపే చూసేవాడు. ఎండలు పోయి చలి వచ్చేసరికి చిలక గుళికలు తింటోంది. ఈకలకి నిగనిగ వచ్చింది.

ఆయన మాత్రం ఇప్పుడు అడగడం లేదు. చిలకకి అది తెలీదు. మధ్యాహ్నం మిషను చప్పుడు ఆగగానే, ఎవరో అడిగినట్టు తనంతట తనే అంటుంది.

"తిన్నా."

ఆయన లేచి గిన్నె దగ్గరికి వెళ్తాడు. వంగి చూస్తాడు.

"లేదు, ఇంకా ఉంది" అంటాడు. "తిను. నేనిక్కడే ఉంటాను."